పేరు చెరిగిపోయిన స్టాండు

గాజువాక,
14–6–1982

బాషా బాబాయిగారికి,
మీ శిష్యుడు తాతబాబు భార్య నూకాలు నమస్కారాలు.

ముందుగా నా దస్తూరీకి, నా తప్పులకు మీరు క్షమించాలి. అయిదో తరగతితో బడి మానేశాను. ఆ తరువాత మా అమ్మకు రెండు మూడు కార్డులు రాశాను తప్ప ఎవరికీ ఏమీ రాయలేదు. ఒత్తు పెట్టాలో వద్దో తెలియని చోట పెట్టకుండా వదిలేశాను. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయని ఆయన అంటారు. ఎలాగో కూడబలుక్కుని చదవండి.

మీరు వన్ టౌన్‌లో కెమెరా రిపేరు కొట్టు మూసేసి కాకినాడ మీ అబ్బాయి దగ్గరికి వెళ్లిపోయాక మాకు అడగడానికి మనిషి లేకుండా పోయారు. మా ఫొటో స్టూడియోకి, కెమెరా నిలబెట్టడానికి ఒక మూడుకాళ్ల స్టాండు కావాలి. కొత్తది కొనే శక్తి లేదు. దావూద్ గారి పాత సామాన్ల కొట్టులో మూడు స్టాండ్లు ఉన్నాయని తెలిసింది. ఓడల మీద వచ్చినవాళ్లు అమ్ముకుని పోయినవట. ఒకదాని మీద ఏవో అక్షరాలున్నాయి, ఇంగ్లీషు మాత్రం కావట. ఒకదానికి పేరు గీకేసి ఉందట. ఇంకొకదానికి అసలు పేరే లేదట. అవి ఏ కంపెనీవో, ఏ దేశానివో దావూద్ గారికే తెలియదు.

మా ఆయనకు పని ఎక్కువై, తీరిక లేక నన్ను రాయమన్నారు. పేరు తెలియని స్టాండును చూసి మంచిదో చెడ్డదో ఎలా పోల్చుకోవాలి? నాకు అర్థమయ్యేలా రాయండి. వెళ్లి చూడవలసింది నేనే.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పండి.

నూకాలు

*

కాకినాడ, జగన్నాథపురం,
22–6–1982

నూకాలుకు బాషా బాబాయి దువా.

నీ అక్షరాలకేమమ్మా, నా చేతిరాత కంటే నయం. మీ పిన్ని నీ ఉత్తరం చదివించుకుని, పెళ్లినాడు తల ఎత్తకుండా కూర్చున్న పిల్ల ఇంత రాసిందా అని ఆశ్చర్యపోయింది. ఆ రోజు ఫొటో కోసం నీ గడ్డం పైకి ఎత్తించడానికి నాకు అరగంట పట్టింది, గుర్తుందా?

పేరు సంగతి వదిలేయ్. నలభై ఏళ్లు ఆ కొట్టులో కూర్చున్నాను. గొప్ప పేరున్నవి కుంటివి చూశాను. ఊరూ పేరూ లేనివి రాయిలా నిలబడడం చూశాను. కెమెరాను మోసేది పేరు కాదు, కాళ్లు.

వెళ్లేటప్పుడు మీ కెమెరా పట్టుకెళ్లు. స్టాండు తల మీద ఉండే మరమేకు సన్నది ఒక రకం, లావుది ఒక రకం ఉంటాయి. మీ కెమెరా అడుగున ఉన్న చిల్లుకి ఏది పడుతుందో బిగించి చూస్తేనే తెలుస్తుంది. తరువాత కాళ్లు పూర్తిగా సాగదీసి నిలబెట్టు. తల పట్టుకుని పక్కకు తిప్పు. తడిబట్ట పిండినట్టు కాళ్లు మెలికలు తిరిగితే అది వద్దు. తల మీద గ్లాసుడు నీళ్లు పెట్టి, ఒక కాలు మీద వేలితో కొట్టు. నీళ్లు ఎంతసేపు వణుకుతాయో చూడు. రెండుసార్లు ఊపిరి తీసి వదిలేలోగా నీళ్లు నిలవాలి. కాళ్లు ఎన్ని మడతలు పడితే అంత బలహీనం. అయిదు మడతలది చిన్న సంచిలో పడుతుందని దావూద్ చెబుతాడు. నమ్మకు. అల్యూమినియం మీద సున్నంలా తెల్లపొడి కనిపిస్తే అది ఉప్పుగాలి పని. పైపైన ఉంటే పరవాలేదు, కిరసనాయిలుతో పోతుంది. కాలి రబ్బరు పోయినా పరవాలేదు. పాత హవాయి చెప్పు కోసి పెట్టుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. కాళ్లు బిగించాక, ప్రతి కాలి అతుకు దగ్గర సుద్దముక్కతో గీత గీయి. తల మీద రెండు చేతులూ ఆనించి, నీ బరువు వేసి, వంద లెక్కపెట్టు. గీత విడిపోతే ఆ కాలు జారుతున్నట్టు. పాత స్టాండ్లు వెంటనే జారవు. నమ్మకం కుదిరాక జారతాయి. అందుకే వంద.

ఒక సంగతి అడుగుతాను. మీ ఆయన స్టాండు ముట్టేవాడు కాదు. ‘స్టాండు పట్టుకునే పొటోగ్రాపరూ, కర్ర పట్టుకునే ముసిలోడూ ఒకటే గురూగారూ’ అని నన్నే వెక్కిరించేవాడు. వాడికిప్పుడు ఇదెందుకమ్మా?

బాషా

*

గాజువాక,
9–7–1982

బాషా బాబాయిగారికి నమస్కారాలు.

స్టాండు కొన్నాను.

కెమెరాను తువ్వాల్లో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుని బస్సులో వన్ టౌన్ వెళ్లాను. కొట్టు నిండా తాళ్లు, గొలుసులు, ఓడ దీపాలు. మగవాళ్లు నలుగురు కూర్చుని టీ తాగుతున్నారు. కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.

“ఏటమ్మా, ఆడే ఉండిపోనావు? లోనికి రా. ఎవుల తాలూకా?” అన్నారు దావూద్ గారు. మీ పేరు చెబితే లేచి స్టూలు వేశారు. నీళ్లు అడిగితే, దాహానికనుకుని గ్లాసు ఇచ్చారు. నేను దాన్ని స్టాండు మీద పెట్టాను.

“ఓలమ్మో! స్టాండుకి దాహమేసిందేటి?”

అందరూ నవ్వారు. నేను వేలితో కాలు మీద కొట్టి నీళ్లు చూస్తూ ఉంటే ఆయన మళ్లీ, “స్టాండు కొంటన్నావా, పిల్లకి సంబంధం సూత్తన్నావా? మా బాషా బాయ్ కాకినాడ పోనాడు గానీ బాషా బాయ్ సాదస్తం పోలేదు” అన్నారు.

అక్షరాలున్నది మెరుస్తూ ఉంది. దానికి అయిదు మడతలు. చివరి మడత గొడుగు ఊచలా ఉంది. నీళ్లు చాలాసేపు వణికాయి. పేరే లేనిది కర్రది. దాని మీద నీళ్లు కదలనే లేదు. కానీ దాన్ని రెండు చేతులతో కూడా లేపలేకపోయాను. బస్సులో ఎలా తీసుకెళ్తాను? మరమేకు కూడా లావుది. మూడోది బూడిదరంగుది, పేరు గీకేసినది. మూడు మడతలు. ఒక రబ్బరు లేదు. మరమేకు మన కెమెరాకు సరిగ్గా పట్టింది. తిప్పితే మెలిక పడలేదు. నీళ్లు కొంచెం వణికి నిలిచాయి. అదే తెచ్చాను. కిరసనాయిలుతో తుడిచాను. నా పాత చెప్పు కోసి కాలికి తొడిగాను.

మీరు అడిగినదానికి జవాబు. ఆయనకు పని ఎక్కువై కాదు. మాఘమాసంలో ఒక పెళ్లి ఊరేగింపులో లారీ మీద నుంచి ఫొటో తీస్తూ పడిపోయారు. ఫ్లాషు ముక్కలైంది. చెయ్యి విరిగితే కట్టు కట్టించాం. ఎముక అతికింది. కానీ కుడిచెయ్యి వణుకుతోంది. టీ గ్లాసు కూడా ఎడమచేత్తోనే పట్టుకుంటారు. ఎవరికీ తెలియదు. “సెయ్యి వొణికే పొటోగ్రాపర్ని ఎవుడు పిలుత్తాడే? మీ బాషా బాబాయికి కూడా సెప్పకు” అన్నారు. చెప్పినందుకు నన్ను ఏమీ అనకండి.

ఇప్పుడు కెమెరా స్టాండు మీద ఉంటుంది. ఆయన ఎడమచేత్తో అన్నీ సరిచేసి పక్కన నిలబడతారు, కుడిచెయ్యి చొక్కా జేబులో పెట్టుకుని. నేను కింద కూర్చుని, కెమెరాకు తగిలించిన తీగ చివరి మీటను పైట చాటున నొక్కుతాను. అందరూ ఆయనే తీశారనుకుంటారు. ఇంతవరకూ అన్నీ బాగానే వచ్చాయి.

ఆయన నాతో మాటలు తగ్గించారు. నాకు బాధగా ఏమీ లేదు. సంతోషంగానూ లేదు. వండుతున్నాను, ఉతుకుతున్నాను, నొక్కుతున్నాను.

నూకాలు

*

కాకినాడ,
18–7–1982

నూకాలుకు దువా.

తాతబాబు చెయ్యి సంగతి చదివాను. వాడితో నేను చెప్పానని చెప్పు. ఫొటో తీసేది కన్ను. మీట ఎవరు నొక్కితే ఏమిటి? దాచితే ఎన్నాళ్లు దాస్తారు? దాచినకొద్దీ వాడి చెయ్యి ఇంకా వణుకుతుంది.

స్టాండును బాగా చూశావు. నీళ్లు రాశావు, మెలిక రాశావు, మరమేకు రాశావు. సుద్దగీత గురించి ఒక్క ముక్క రాయలేదు. వంద లెక్కపెట్టావా? నాకు వెంటనే రాయి.

బాషా

*

గాజువాక,
3–10–1982

బాషా బాబాయిగారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి రెండు నెలలు దాటినా జవాబు రాయలేదు. ఇప్పుడు రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

ముప్పై దాకా లెక్కపెట్టాను. కొట్టులో మగవాళ్లు చూస్తున్నారు. బరువు వేయాలంటే వాళ్ల ముందు వంగాలి. ముప్పై దగ్గర సిగ్గేసి లేచిపోయాను. సుద్దముక్క సంచిలోంచి తీయనే లేదు.

ఈ వైపు ఊళ్లలో మనిషి పోతే పాడె ఎక్కించే ముందు కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, అందరూ చుట్టూ నిలబడి ఫొటో తీయించుకోవడం మీకు తెలిసిందే. బతికుండగా ఫొటో లేనివాళ్లకు అదే మొదటిది, అదే చివరిది. కిందటి నెల పరవాడ దగ్గర ఒక ఊరి నుంచి మమ్మల్ని పిలిచారు. తవిటయ్య, పోతమ్మ అని రైతు దంపతులు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు శ్రీరామ్మూర్తి నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. పంతొమ్మిదేళ్లు.

మబ్బు పట్టి చీకటిగా ఉంది. ఫ్లాషు లేదు కదా. రెండు అంకెలు లెక్కపెట్టేదాకా మీట నొక్కి ఉంచమని ఆయన నా చెవిలో చెప్పారు. ఇంటి ముందు అరుగు మీద కుర్చీ. తల్లి పక్కన నిలబడి కొడుకు గడ్డం పట్టుకుంది. తండ్రి వెనకాల. మా ఆయన అందరినీ ఊపిరి బిగబట్టమన్నారు. నేను నొక్కాను. వాన వచ్చేస్తుందని తవిటయ్య గారు తొందరపెట్టి వెంటనే పాడె లేపించారు.

ఫొటో కడిగితే ముఖాలు రెండేసిగా పడ్డాయి. ఆ అబ్బాయికి కళ్లు నాలుగు, పెదవులు ఏదో చెప్పబోతున్నట్టు విడివడి ఉన్నాయి. మా ఆయన అది చూశారు. చుట్టూ ఉన్నదంతా కత్తిరించి, ముఖాల వరకే ఉంచి, పదోరోజుకి ఇచ్చేశారు. “దండేసీసేక ఎవులు సూత్తారే” అన్నారు.

పోతమ్మ చూసింది. “ఈడు కదిలేడు” అందట. “బతికినోలు కదుల్తారు. సచ్చినోడు ఎలాగ కదుల్తాడు? నా సేతిలో ఆడి గెడ్డం కదిలితే నాకు తెల్లేదు” అందట. ఆ తరువాత మొగుడి మీదికి తిరిగి, “ఊపిరున్నోడికి కొరివెట్టేవు. వానొత్తాదని తొందరెట్టేవు” అందట. ఆ రోజు నుంచి ఆయన్ని ఇంట్లోకి రానివ్వడం లేదు. ఆయన పశువుల శాలలో పడుకుంటున్నారు. ఆమె అన్నం ముట్టడం లేదు.

నిన్న తవిటయ్య గారు స్టూడియోకి వచ్చారు. లోపలికి రాకుండా మెట్టు మీదే నిలబడ్డారు.

“బావూ, ఒక్క ముక్క సెప్పు. ఆడు కదిలేడా?”

మా ఆయన కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, “నాకేటి తెలుసు తాతా. కెమేరాలో ఏటి పడితే అదే” అన్నారు.

ఆ ముసలాయన సరేనని తల ఊపి వెళ్లిపోయారు. నేను వెనకగదిలో బియ్యం ఏరుతున్నాను. ఏరుతూనే ఉన్నాను.

బాబాయిగారూ, మనిషి కదిలాడా, స్టాండు కదిలిందా అనేది ఎలా తెలుస్తుంది?

నూకాలు

*

కాకినాడ,
9–10–1982

నూకాలుకు దువా.

చనిపోయినవాడు కదలడమ్మా. అది నీకూ తెలుసు.

తేల్చుకోవడానికి ఒకే దారి ఉంది. కత్తిరించిన ఫొటోలో ఏమీ తెలియదు. నెగెటివ్ తీసి వెలుతురుకు పెట్టి చూడు. మనుషులను చూడకు. గోడ చూడు. మనిషి కదిలితే మనిషే రెండుగా పడతాడు, గోడ ఒకటే ఉంటుంది. కెమెరా కదిలితే గోడ కూడా రెండవుతుంది. ఆ తరువాత తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా, ఆ స్టాండు మీద వంద లెక్కపెట్టు.

ఈ తప్పులో నాకూ భాగం ఉంది. నలభై ఏళ్లు మగవాళ్లకే చెప్పిన పాఠం నీకూ అలాగే రాసి పంపేశాను. ఆ కొట్టులో ఆడపిల్ల వంగి బరువు వేయడానికి చోటు ఉండదని నాకు తట్టలేదు.

గోడ రెండుగా పడి ఉంటే ఆ తల్లికి చూపించాలి. చూపిస్తే మీ స్టూడియో పేరు పోవచ్చు. తాతబాబు ఒప్పుకోకపోవచ్చు. నేను రాగలిగితే నేనే వచ్చి చెప్పేవాణ్ణి. మోకాళ్లు మెట్లు కూడా దిగనివ్వడం లేదు. ఏం చేయాలో నీకు నేను చెప్పను. ఒక ముసలాయన పశువుల శాలలో ఉన్నాడు, అంతే చెబుతాను.

బాషా

*

గాజువాక,
27–10–1982

బాషా బాబాయిగారికి నమస్కారాలు.

నెగెటివ్ చూశాను. ఆ అరుగు గోడకు మేకు మీద జల్లెడ ఒకటి వేలాడుతోంది. నెగెటివ్‌లో రెండు జల్లెడలు. ద్వారబంధం కూడా రెండు.

తలుపు వేసుకుని సుద్దగీత గీసి లెక్కపెట్టాను. ముప్పైకి గీత అలాగే ఉంది. యాభైకీ ఉంది. డెబ్బై రెండు దగ్గర కుడికాలు ఒక్కసారిగా వేలెడు జారి ఆగింది.

ఆయనకు చూపించాను. “ఎల్లి సెప్పు. మన కడుపు మీద మనమే కొట్టుకుందుం. సెయ్యి వొణుకుద్దని కూడా సెప్పు, టాంటాం ఏయించు” అని అటు తిరిగి పడుకున్నారు.

మరునాడు మధ్యాహ్నం ఆయన నిద్రలో ఉండగా డార్క్‌రూంలో మొత్తం ఫొటో నేనే కడిగాను, కత్తిరించకుండా. మొదటిది నల్లబడిపోయింది. రెండోది వచ్చింది. ఆరాక నోటుపుస్తకంలో పెట్టుకుని పరవాడ బస్సు ఎక్కాను.

పోతమ్మ అరుగు మీద ఉంది. కత్తిరించిన ఫొటో ఆమె ఒళ్లో ఉంది.

“ఎవులమ్మా నువ్వు?”

“పొటో తీసినోలమమ్మా. గాజువాక.”

“మల్లీ ఏటి తీత్తారు? ఇంకెవులున్నారని?”

పెద్ద ఫొటో ఆమె చేతికిచ్చాను. “మొకాలు సూడొద్దమ్మా. గోడ సూడు” అన్నాను.

“గోడేటి సూత్తాను? నా గోడ నాకు తెల్దేటి?”

“ఆ గోడకి జల్లెడలు ఎన్ని ఉన్నాయి?”

ఆమె తల తిప్పి వెనక మేకుకేసి చూసింది. “ఒకటే. మా అత్త నాటిది.”

“పొటోలో?”

వేలు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. “రెండు” అంది. మళ్లీ తనే ద్వారబంధం మీద వేలు పెట్టి, “ఇదీ రెండే” అంది.

“గోడ కదల్దు కదమ్మా. మీ అబ్బాయి కూడా కదల్లేదు. కెమేరా జారిపోనాది. స్టాండు మంచిది కాదు. కొన్నది నాను. నొక్కింది నాను. మా ఆయన సెయ్యి బాగోదు.”

తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె ఫొటో వైపే చూస్తూ ఉంది.

“కదల్లేదా?”

“లేదమ్మా.”

“ఒక్క పిసరు కూడానా?”

“లేదమ్మా.”

“నెల్లాళ్ల నుండి కదుల్తన్నాడు” అంది. “ఇప్పుడు పోనాడు.”

ఆమె ఏడవలేదు. నేనూ ఏడవలేదు. తరువాత ఆమె లేచి లోపలికి వెళ్లి, ముంతతో గంజి తెచ్చి, శాల వైపు తిరిగి పిలిచింది. “ఓరయ్యా, ఇటు రా. సల్లారిపోతాది.”

తవిటయ్య గారు వచ్చి అరుగు కింద నేల మీద కూర్చున్నారు. “పైకి రా” అంది. పైకి వచ్చి కూర్చున్నారు. ఆమె ఆ పెద్ద ఫొటో ఆయన చేతిలో పెట్టి, జల్లెడ మీద వేలు ఉంచింది. నన్ను ఎవరూ చూడలేదు. నేను లేచి బస్సు దగ్గరికి వచ్చేశాను.

గాజువాకలో అందరికీ తెలిసిపోయింది. రెండు పెళ్లిళ్లవాళ్లు వేరే స్టూడియోకి మారిపోయారు. మొన్న ఒకాయన రేషన్ కార్డు ఫొటోకి వచ్చి, “మీ ఆడోలే నొక్కుతారట కదా బావా?” అన్నాడు. మా ఆయన “ఔను. కూకో” అన్నారు. కుడిచెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. అది వణుకుతూనే ఉంది. ఆయన దాన్ని అలాగే వదిలేశారు. నేను స్టూలు మీద నిలబడి, పైట చాటు లేకుండా నొక్కాను.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ఆపలేకపోతున్నాను.

మనిషి కదిలాడా, స్టాండు కదిలిందా అని మిమ్మల్ని అడిగాను. నాకు అప్పటికే తెలుసు. మీట నొక్కి పట్టుకున్నప్పుడు నేను కింద కూర్చుని ఉన్నాను. స్టాండు కుడికాలు నా ముఖానికి ఎదురుగా ఉంది. ‘ఒకటి’ అనుకున్నాను. ‘రెండు’ అనేలోగా అది జారి ఆగింది. చూశాను. ఫిల్ములో ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. “ఉండండి, ఇంకోటి తీయాలి” అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంతమంది ఏడుస్తున్నారు. అంతమంది మగవాళ్లు పాడె పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నా నోరు రాలేదు. ఆయన అయిందా అన్నట్టు నావైపు చూశారు. తల ఊపాను. వాళ్లు ఆ అబ్బాయిని కుర్చీలోంచి లేపేశారు.

పోతమ్మకు అన్నీ చెప్పాను, ఇది చెప్పలేదు. ఆయనకూ చెప్పలేదు. ఆమె కొడుక్కి సరైన ముఖం లేకుండా పోయింది స్టాండు వల్ల కాదు. ఇంటికి వచ్చాక ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. మీకు రాస్తే వస్తుందేమోనని రాశాను. రాయడం అయిపోయింది, ఇప్పటికీ రాలేదు.

బాబాయిగారూ, చదివిన వెంటనే ఈ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టేయండి. మీ అబ్బాయి జలీల్ గారి కంటా, పిన్నిగారి కంటా పడనివ్వకండి. సగం కాలిందని లేచి వెళ్లిపోకండి. పూర్తిగా బూడిదయ్యేదాకా అక్కడే కూర్చోండి.

నూకాలు